పుస్తకాలు బైండు చేసిన కుర్రాడు – మైకేల్ ఫారడే

(వ్యాసకర్త మన హాస్టల్ పూర్వ విద్యార్థి. ప్రస్తుతం ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ ద్వితీయ సంవత్సరం)



ఎం.ఎస్సీ. ప్రాజెక్టుగా నేను పాలిమర్ ఎలక్ట్రోలైట్ మీద పని చేస్తున్నాను. పలుచని ప్లాస్టిక్ పొరలాంటి దానిలోంచి లిథియం అయాన్లు ఒక వైపు నుంచి మరో వైపుకు నడిచేటట్లు చేయడం ఆ పని. పైన రాసిన వాక్యాల్లో ఎలక్ట్రోలైట్, అయాన్ అనే రెండు మాటలున్నాయి. ఈ అర్థంలో ఈ రెండు మాటలూ 1834కు ముందు శాస్త్రంలో లేవు. వాటిని మనకిచ్చిన మనిషి కాలేజీ గడప తొక్కలేదు. పదమూడో ఏటనే బడి వదిలి పుస్తకాల దుకాణంలో పనికి కుదిరాడు. ఆయనే మైకేల్ ఫారడే. డైనమో పాఠంలో ఆయన పేరు మీరంతా చదివే ఉంటారు. ఆ పాఠంలో చెప్పని సంగతులే ఎక్కువగా రాయాలని నా ఉద్దేశం.

ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్ నగరానికి ఆనుకుని ఉన్న న్యూవింగ్టన్ బట్స్ అనే చోట జన్మించాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఉత్తర ఇంగ్లండు పల్లె నుంచి పని వెతుక్కుంటూ వలస వచ్చిన కుటుంబం. నలుగురు పిల్లల్లో మైకేల్ మూడోవాడు. తండ్రికి ఆరోగ్యం బాగుండేది కాదు, కొలిమి పని రోజూ చేయలేకపోయేవాడు. 1801లో తిండి ధరలు విపరీతంగా పెరిగినప్పుడు మైకేల్‌కు వారానికి ఒక రొట్టె చొప్పున ఇచ్చేవారని, దాన్నే వారమంతా సర్దుకు తినేవాడని ఆయన జీవిత చరిత్రలో రాశారు.

బడి సంగతి ఇంకా విచిత్రం. చిన్నప్పుడు మైకేల్‌కు ర అనే అక్షరం సరిగా పలికేది కాదట. అన్న పేరు రాబర్ట్. ఆ పేరు సరిగా పలకలేదని పంతులమ్మకు కోపం వచ్చి, బెత్తం కొనుక్కురమ్మని అన్నకే డబ్బులిచ్చి పంపిందట. ఆ అన్న బెత్తం కొనకుండా ఇంటికి వెళ్లి తల్లికి చెప్పాడని, తల్లి ఇద్దరినీ బడి మాన్పించిందని ఒక కథ చెబుతారు. ఏమైనా, చదవడం, రాయడం, కొద్దిగా లెక్కలు – ఆయన బడిలో నేర్చుకున్నది అంతే.

1804లో జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర ఫారడే చిల్లర పనుల కుర్రాడిగా చేరాడు. ఆ రోజుల్లో వార్తాపత్రిక ఖరీదు ఎక్కువ. అందుకని దుకాణాలవాళ్లు అద్దెకిచ్చేవారు. ఒక ఇంట్లో ఇచ్చి, వాళ్లు చదివాక తీసుకుని, ఇంకో ఇంట్లో ఇచ్చి రావడం మైకేల్ పని. మరుసటి ఏడు రీబో అతన్ని ఏడేళ్ల ఒప్పందం మీద బైండింగ్ పని నేర్చుకోవడానికి చేర్చుకున్నాడు. కుర్రాడి పనితనం నచ్చి ఫీజు కూడా తీసుకోలేదు.

బైండింగుకు వచ్చిన పుస్తకాలను ఫారడే కుట్టడంతో సరిపెట్టలేదు, చదివాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు మీద ఉన్న వ్యాసం, జేన్ మార్సెట్ అనే రచయిత్రి రసాయన శాస్త్రాన్ని సంభాషణలుగా రాసిన పుస్తకం – ఈ రెండూ ఆయన్ని మార్చేశాయి. చదివింది నిజమో కాదో చూడాలని చేతిలో ఉన్న కొద్ది డబ్బులతో సీసాలు, రసాయనాలు కొని దుకాణం వెనకాలే ప్రయోగాలు చేసేవాడు. యజమాని తిట్టలేదు. అలాంటి యజమాని దొరకడం కూడా ఒక అదృష్టమే అనిపిస్తుంది నాకు.

ఊళ్లో టాటమ్ అనే ఆయన సాయంత్రాలు సైన్సు ఉపన్యాసాలు ఇచ్చేవాడు. ఒక్కోదానికి ఒక షిల్లింగు. ఆ షిల్లింగు ఇచ్చింది అన్న రాబర్ట్. అప్పటికి రాబర్ట్ కూడా తండ్రిలాగే కమ్మరి పనిలో ఉన్నాడు. 1810లో తండ్రి చనిపోయాడు. ఇంట్లో ఒకరు పనిలో దిగి ఇంకొకరిని చదివించడం మనలో చాలామందికి తెలిసిన విషయమే. నా ఫీజులు కూడా అలా కట్టినవే. అందుకని ఫారడే జీవిత చరిత్రలో రాబర్ట్ పేరు కనిపించే చోటల్లా నేను కాసేపు ఆగుతాను.

1812లో దుకాణానికి వచ్చే డాన్స్ అనే సంగీత విద్వాంసుడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చాడు. డేవీ అప్పటికి ఇంగ్లండులో పెద్ద పేరున్న రసాయన శాస్త్రవేత్త. కరిగించిన క్షారాల్లోంచి విద్యుత్తు పంపి సోడియం, పొటాషియం వేరు చేసినవాడు. ఫారడే గ్యాలరీలో కూర్చుని నాలుగు ఉపన్యాసాలు విన్నాడు. నోట్సు రాసుకుని, ఇంటికి వచ్చి తిరిగి వివరంగా రాసి, బొమ్మలు గీసి, దాదాపు మూడు వందల పేజీల పుస్తకంగా తనే బైండు చేశాడు. అంతకు ముందే రాయల్ సొసైటీ అధ్యక్షుడికి ఉద్యోగం కోసం ఉత్తరం రాస్తే జవాబు రాలేదు. ఈసారి డిసెంబరులో ఈ పుస్తకాన్ని జతచేసి డేవీకే పంపాడు.

డేవీ పిలిపించి మాట్లాడాడు, కానీ బైండింగ్ పని వదులుకోవద్దని సలహా చెప్పి పంపేశాడు. తర్వాత కొద్ది వారాలకే ప్రయోగశాల సహాయకుడు ఒకడు కొట్లాటకు దిగి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ ఖాళీలో 1813 మార్చి 1న ఫారడే చేరాడు. వారానికి 25 షిల్లింగుల జీతం, మేడ మీద రెండు గదులు, వంటచెరకు, కొవ్వొత్తులు. ఆ భవనంలోనే ఆయన తర్వాతి నలభై అయిదేళ్లూ గడిచాయి.

చేరిన ఏడాదే అక్టోబరులో డేవీ దంపతులు ఐరోపా యాత్రకు బయలుదేరారు. డేవీ సేవకుడు ఆఖరి నిమిషంలో రానన్నాడు. ప్యారిస్‌లో ఇంకొకరు దొరికేదాకా ఆ పని కూడా చూడమని ఫారడేను అడిగారు. ఆ ఇంకొకరు దొరకనే లేదు. ఏడాదిన్నర పాటు ఫారడే శాస్త్రవేత్త సహాయకుడు, బట్టలు సర్దే సేవకుడు రెండూ అయ్యాడు. డేవీ భార్య లేడీ జేన్ డబ్బున్న ఇంటి బిడ్డ. ఆమె ఆయన్ని సేవకుడిగానే చూసింది. జెనీవాలో ఒక శాస్త్రవేత్త ఇంట్లో బస చేసినప్పుడు, ఆ ఇంటాయన ఫారడేను అందరితోపాటు భోజనానికి కూర్చోబెట్టాలనుకుంటే ఆమె ఒప్పుకోలేదని, చివరికి ఆయనకు వేరే గదిలో వడ్డించారని ఒక కథ ప్రచారంలో ఉంది. వేరే గది, వేరే పళ్లెం అంటే ఏమిటో మన ఊళ్లలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఆయనది కులం కాదు, తరగతి. అయినా ఆ పూట అన్నం ఎలా దిగి ఉంటుందో ఊహించగలం.

యాత్ర మధ్యలో అంతా వదిలేసి మళ్లీ బైండింగుకు వెళ్లిపోదామని కూడా ఆయనకు అనిపించింది. మిత్రుడు ఆబట్‌కు రాసిన ఉత్తరాల్లో ఆ బాధ ఉంది. కానీ అదే యాత్రలో ప్యారిస్‌లో ఆంపియర్‌ను చూశాడు, మిలాన్‌లో ముసలి వోల్టాను చూశాడు. ఫ్లోరెన్స్‌లో పెద్ద భూతద్దంతో ఎండను కేంద్రీకరించి వజ్రాన్ని కాల్చి, అది ఉత్త కార్బనేనని చూపిన ప్రయోగంలో డేవీకి సాయం చేశాడు. 1815లో తిరిగి వచ్చేసరికి ఏ యూనివర్సిటీ ఇవ్వలేని చదువు ఆయనకు అబ్బింది.

ఇంగ్లీషు అంటే భయపడే తమ్ముళ్లకు ఒక మాట. ఫారడే మాతృభాషే ఇంగ్లీషు. అయినా ఆయన ఇంగ్లీషు కోసం ట్యూషన్‌లాంటిది చెప్పించుకున్నాడు. మాగ్రాత్ అనే మిత్రుడు ఆయన రాతలోని తప్పులు దిద్దేవాడు. తనలాంటి కుర్రాళ్లు అరడజను మంది సాయంత్రం కలిసి గట్టిగా చదివి ఒకరి ఉచ్చారణ మరొకరు సరిచేసుకునేవారు. తర్వాత డబ్బు కట్టి ఉపన్యాస కళ కూడా నేర్చుకున్నాడు.

1821లో సారా బర్నార్డ్‌తో పెళ్లి జరిగింది. వాళ్లకు పిల్లలు లేరు. అదే ఏడు సెప్టెంబరులో విద్యుత్తు పోయే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేటట్లు చేశాడు. మోటారుకు అదే మూలం. అయితే ఆ ఆలోచన వోలస్టన్ అనే పెద్ద శాస్త్రవేత్తదని, ఫారడే కాజేశాడని గుసగుసలు లేచాయి. 1824లో ఫారడే రాయల్ సొసైటీ సభ్యత్వానికి నిలబడితే వ్యతిరేకించిన వాళ్లలో డేవీ కూడా ఉన్నాడు. తను చేరదీసిన కుర్రాడు తనతో సమానంగా కుర్చీ వేసుకోవడం ఆయనకు మింగుడు పడలేదేమో. ఓట్ల లెక్కలో వ్యతిరేకంగా వచ్చింది ఒక్కటే. ఫారడే ఎన్నికయ్యాడు. జీవితాంతం డేవీని ఆయన గౌరవంగానే తలచుకున్నాడు.

1831లో విద్యుదయస్కాంత ప్రేరణ కనుగొన్నాడు. డైనమోలు, ట్రాన్స్‌ఫార్మర్లు అన్నీ దాన్నుంచే. అది మీ పాఠ్యపుస్తకంలో ఉంది కాబట్టి వదిలేస్తున్నాను.

ఇక నాకు ఇష్టమైన భాగం. 1833 జనవరిలో ఫారడే ఒక చిన్న వింత గమనించాడు. నీటిలోంచి విద్యుత్తు పోతోంది. అదే నీరు గడ్డకట్టి పలుచని మంచు పొర అయినా సరే, విద్యుత్తు ఆగిపోతోంది. ఇది మంచుకు మాత్రమే వర్తిస్తుందా అని సీసపు క్లోరైడు, వెండి క్లోరైడు, పెట్లుప్పు, ఇలా దొరికిన లవణాలన్నీ ఒక్కొక్కటిగా తీసుకున్నాడు. గడ్డగా ఉన్నప్పుడు దాదాపు ఏవీ విద్యుత్తును పోనివ్వలేదు. వేడిచేసి కరిగిస్తే పోనిచ్చాయి. ఘనంలో కణాలు ఎక్కడివక్కడ బిగుసుకుని ఉంటాయి, ద్రవంలో కదలగలవు, కదిలితేనే విద్యుత్తు – ఇదీ ఆయన తేల్చిన నియమం.

అంతలో ఒక పదార్థం ఈ నియమానికి అడ్డం వచ్చింది. అది వెండి సల్ఫైడు. మన ఇళ్లలో అమ్మ కాళ్ల పట్టీలు, మెట్టెలు వాడగా వాడగా నల్లబడతాయి చూడండి, ఆ నలుపు ఇదే. ఫారడే దాన్ని దీపం మీద వేడి చేశాడు. అది కరగలేదు. గట్టిగా ముద్దలాగే ఉంది. అయినా వేడెక్కే కొద్దీ విద్యుత్తు పోవడం మొదలై, చివరికి లోహమా అన్నంత బాగా పోయింది. లోహాలకు వేడి తగిలితే వాహకత తగ్గుతుంది, దీనికి పెరిగింది. చల్లారిస్తే మళ్లీ మామూలే. సీసపు ఫ్లోరైడు కూడా ఇలాగే కరగకముందే దారి ఇవ్వడం ఆయన తర్వాత గమనించాడు.

మామూలుగా మనమేం చేస్తాం? ప్రాక్టికల్స్‌లో రీడింగు గ్రాఫు మీద కూర్చోకపోతే దాన్ని రాయడమే మానేస్తాం. ఇది నేను చాలా ల్యాబుల్లో చూశాను. ఫారడే తన నియమం ప్రకటించిన వ్యాసంలోనే, దానికి లొంగని ఈ పదార్థం గురించి కూడా అచ్చు వేయించాడు. కారణం తెలియదు, కాబట్టి కారణం రాయలేదు. చూసింది రాశాడు.

ఆ వెండి సల్ఫైడులో జరిగేదేమిటో తర్వాతి తరాలకు తెలిసింది. సుమారు 177 డిగ్రీల సెల్సియస్ దాటితే అందులో సల్ఫర్ కణాలు ఎక్కడివక్కడే చట్రంలా నిలబడి ఉంటాయి, వెండి అయాన్లు మాత్రం ఆ చట్రం సందుల్లో ద్రవంలాగా తిరుగుతాయి. అయాన్లతోపాటు ఎలక్ట్రాన్లు కూడా అందులో ప్రయాణిస్తాయి, కాబట్టి సెమీకండక్టర్ల చరిత్ర రాసేవాళ్లు కూడా ఈ ప్రయోగంతోనే మొదలుపెడతారు. 1914లో జర్మనీలో టుబాంట్, లోరెంజ్ అనే ఇద్దరు వెండి అయోడైడులో ఇలాంటి సంగతే వివరంగా కొలిచి చూపారు. అంటే ఎనభై ఏళ్లు పట్టింది.

1833, 34లలోనే విద్యుద్విశ్లేషణ నియమాలు తేల్చాడు. పంపిన విద్యుత్తు ఎంతో, విడిపోయే పదార్థం అంతకు తగ్గట్టే ఉంటుంది. ఇది ఇంటర్లో బట్టీపట్టి మరిచిపోతాం. మీ ఇంట్లో సెల్‌ఫోన్ బ్యాటరీ మీద చూడండి, 4000 ఎంఏహెచ్ అనో అంత దగ్గర్లోనో రాసి ఉంటుంది. ఫారడే నియమం ప్రకారం ఒక గ్రాము లిథియం పూర్తిగా అటు నుంచి ఇటు నడిస్తే సుమారు 3860 ఎంఏహెచ్ వస్తుంది. అంటే రాత్రి చార్జింగు పెట్టి పొద్దున్న తీసేలోపు ఆ బ్యాటరీలో ఒక గ్రాము పైచిలుకు లిథియం ఒక గట్టు నుంచి మరో గట్టుకు చేరుతుందన్నమాట. నేను ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు రెండుసార్లు సరిచూసుకున్నాను.

నియమాలు దొరికాయి గానీ వాటిని చెప్పడానికి మాటలు లేవు. అప్పటివరకు వాడుతున్న ధ్రువం అనే మాట ఆయనకు నచ్చలేదు. అక్కడ అయస్కాంతం లాగినట్లు ఆకర్షణ ఏదో ఉందన్న అర్థం అందులో వస్తుంది. కొత్త మాటలు గ్రీకు నుంచి చేయడం అప్పటి ఆనవాయితీ. ఫారడేకు గ్రీకు రాదు. రాదని దాచుకోలేదు. నికోల్ అనే డాక్టరు మిత్రుణ్ణి అడిగాడు, కేంబ్రిడ్జిలో విలియం హ్యూయెల్ అనే పండితుడికి ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తర ప్రత్యుత్తరాల్లో ఎలక్ట్రోడ్, ఆనోడ్, కాథోడ్, ఆనయాన్, కేటయాన్, అయాన్, ఎలక్ట్రోలైట్ అనే మాటలు స్థిరపడ్డాయి. అయాన్ అంటే గ్రీకులో నడిచేది అని అర్థం. ఎలక్ట్రోలైట్ అంటే విద్యుత్తుతో విడివడేది. ప్రపంచంలో చాలా భాషల్లో రసాయన శాస్త్రం చదివేటప్పుడు ఇప్పుడు ఈ మాటలే. మన తెలుగు మీడియం పుస్తకాల్లో ధనాయాన్, రుణాయాన్ అన్నా ఆ చివర ఉన్నది ఆ ఉత్తరాల్లోని మాటే.

ఇక్కడ నా ప్రాజెక్టు గురించి కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఫారడే వదిలిన ప్రశ్న అక్కడికే వస్తుంది. మామూలు లిథియం బ్యాటరీలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉండేది ద్రవం. లిథియం లవణాన్ని కలిపిన ఆ ద్రవానికి నిప్పు అంటుకుంటుంది. బ్యాటరీలు కాలిపోయిన వార్తలు మీరు చదివే ఉంటారు. ద్రవం బదులు గట్టి పొర పెడితే కారడం ఉండదు, మంట భయం తగ్గుతుంది. కానీ ఫారడే నియమం గుర్తుంది కదా, గట్టిదాంట్లో అయాన్ కదలదు. మరి కదిలే గట్టి పదార్థం ఎలా?

1973లో ఇంగ్లండులో షెఫీల్డ్ యూనివర్సిటీలో పీటర్ రైట్, ఆయన సహచరులు పాలీఇథిలీన్ ఆక్సైడు అనే పాలిమర్‌లో క్షార లోహ లవణాలు కలిసిపోతాయని చూపారు. తర్వాత అందులోంచి విద్యుత్తు పోతుందనీ తేలింది. ఫ్రాన్సులో గ్రెనోబుల్‌లో మిషెల్ అర్మాన్ దాన్ని బ్యాటరీలకు వాడవచ్చని 1970ల చివర్లో చెప్పాడు. ఈ పాలిమర్ గొలుసులో ప్రతి రెండు కార్బన్లకు ఒక ఆక్సిజన్ ఉంటుంది. నాలుగైదు ఆక్సిజన్లు చుట్టూ చేరి ఒక లిథియం అయాన్‌ను పట్టుకుంటాయి, అందువల్లే లవణం కరుగుతుంది. ఆక్సిజన్ల మధ్య కార్బన్లు ఒకటైనా మూడైనా ఆ పట్టు ఇంత బాగా కుదరదు. గొలుసు ముక్కలు వేడికి అటూ ఇటూ ఊగుతున్నప్పుడు లిథియం ఒక ఆక్సిజన్‌ను వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటూ ముందుకు జరుగుతుంది. చట్రం నిలబడి ఉండగా వెండి సందుల్లో తిరగడం వెండి సల్ఫైడు పద్ధతి. చట్రమే ఊగుతూ అయాన్‌ను చేతులు మార్చడం పాలిమర్ పద్ధతి.

అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. మెస్‌లో సేమ్యా ఉప్మా వేడిగా వడ్డించినప్పుడు పోగులు ఒకదానిమీద ఒకటి జారుతుంటాయి. ఆలస్యంగా వెళ్లినవాడికి గడ్డకట్టింది దొరుకుతుంది. ఈ పాలిమర్ కూడా అంతే. అరవై డిగ్రీలు దాటితే గొలుసులు వదులై అయాన్లు బాగానే నడుస్తాయి. గది ఉష్ణోగ్రతలో గొలుసులు పేర్చినట్లు బిగుసుకుని, ద్రవంతో పోలిస్తే వాహకత వేల రెట్లు పడిపోతుంది. ప్యారిస్‌లో 2011 నుంచి 2018 వరకు అద్దెకు తిప్పిన బ్లూకార్ అనే విద్యుత్ కార్లలో ఈ జాతి బ్యాటరీలే వాడారు. వాటిని ఎప్పుడూ వెచ్చగా ఉంచాల్సి వచ్చేది.

దీన్ని సరిచేయడానికి గొలుసుకు పక్క కొమ్మలు అతికిస్తారు, పేర్పు చెడగొట్టడానికి పింగాణీలాంటి సన్నని పొడులు కలుపుతారు, లిథియంను గట్టిగా పట్టుకోని పెద్ద రుణాయాన్ ఉన్న లవణాలు ఎంచుకుంటారు. ఇంకో చిక్కు ఏమిటంటే, మనకు లిథియం నడవాలి గానీ రుణాయాన్ నడిచినా లాభం లేదు. ఈ పాలిమర్‌లో నడిచే మొత్తంలో లిథియం వాటా సగం కన్నా తక్కువే. అందుకని రుణాయాన్‌ను గొలుసుకే కట్టేసే ప్రయత్నాలు కూడా ఉన్నాయి. పొర మెత్తనైతే అయాన్ నడుస్తుంది గానీ లిథియం సూదుల్లా పెరిగి పొరను పొడిచేస్తుంది, గట్టిదైతే సూదులు ఆగుతాయి గానీ నడక ఆగుతుంది. ఈ రెండింటి మధ్య సర్దుబాటే మా సబ్జెక్టు. నేను చేసేది ఇందులో చాలా చిన్న ముక్క. పాలిమర్, లవణం కరిగించి గాజు పళ్లెంలో పోసి, ఆరాక పొర తీసి, వేడి పెంచుతూ వాహకత కొలుస్తాను. అంటే 1833లో ఫారడే దీపం పెట్టి చూసిందే, కొంచెం మంచి పరికరాలతో.

తమాషా ఏమిటంటే ఫారడే పాలిమర్‌ను కూడా ముట్టుకున్నాడు. 1826లో సహజ రబ్బరును విశ్లేషించి అందులో కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్నాయని, అయిదు కార్బన్లకు ఎనిమిది హైడ్రోజన్ల లెక్కన ఉన్నాయని తేల్చాడు. అంతకు రెండేళ్ల ముందు హైడ్రోజన్ వాయువు పట్టి ఉంచడానికి రబ్బరు షీట్లు రెండు అంచులు అతికించి, లోపల అంటుకోకుండా పిండి చల్లి బుడగలు చేశాడు. పిల్లలు ఆడుకునే బెలూన్ కథ అక్కడ మొదలైంది. అయితే రబ్బరులో ఆక్సిజన్ లేదు, కాబట్టి లవణం కరగదు, అయాన్ నడవదు. పొడుగాటి గొలుసు అణువులుంటాయని స్టాడింగర్ చెప్పింది 1920లో. ఒకే ప్రయోగశాలలో రబ్బరు ఒక బల్ల మీద, అయాన్లు ఒక బల్ల మీద ఉన్నాయి. అవి కలవడానికి దాదాపు నూట యాభై ఏళ్లు కావలసి వచ్చింది.

1835లో జరిగిన ఒక సంఘటన మన హాస్టల్ వాళ్లు తెలుసుకోదగ్గది. ఫారడేకు ప్రభుత్వం ఏడాదికి 300 పౌన్ల పింఛను ఇవ్వాలని ప్రతిపాదన వచ్చింది. ప్రధానమంత్రి లార్డ్ మెల్బోర్న్ ఆయన్ని పిలిపించి, పండితులకిచ్చే ఇలాంటి పింఛన్లన్నీ ఉత్త బూటకమన్నట్లు తేలిగ్గా మాట్లాడాడు. ఫారడే వాదించలేదు. ఇంటికి వచ్చి, ఆ పింఛను తనకు అక్కరలేదని రాసి పంపాడు. విషయం బయటకు పొక్కింది, మెల్బోర్న్ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఆ తర్వాతే ఫారడే పింఛను తీసుకున్నాడు. సర్కారు తిండి తిని చదువుతున్నారన్న మాట ఒక కార్యాలయంలో స్కాలర్‌షిప్ ఫారం పట్టుకుని వరుసలో నిలబడినప్పుడు నా చెవిన పడింది. అప్పటికి నాకు ఈ సంఘటన తెలియదు. తెలిసి ఉంటే ఏమైనా అనేవాడినో లేదో గానీ, తల మాత్రం దించుకునేవాడిని కాదు.

1839 తర్వాత ఆయన ఆరోగ్యం దెబ్బతింది. తల తిరగడం, మరుపు. కొన్నేళ్లు పెద్దగా పరిశోధన చేయలేకపోయాడు. ఈ మరుపు గురించి చదివాక ఆయన డైరీకి విలువ ఇంకా పెరిగింది నా దృష్టిలో. 1832 నుంచి ప్రయోగశాల డైరీలో ప్రతి పేరాకూ నంబరు వేసుకుంటూ పోయాడు. చివరికి ఆ నంబర్లు పదహారు వేలు దాటాయి. జరగనిది కూడా జరగలేదని నంబరు వేసి రాశాడు.

కోలుకున్నాక 1845లో అయస్కాంతం వెలుతురు మీద ప్రభావం చూపుతుందని కనుగొన్నాడు. గణితం ఆయనకు రాదు. ఆయన బొమ్మల్లో ఊహించిన బలరేఖలను తర్వాత మాక్స్‌వెల్ సమీకరణాలుగా రాశాడు. 1844లో హాస్‌వెల్ బొగ్గుగనిలో పేలుడు జరిగి 95 మంది చనిపోతే విచారణకు వెళ్లి, గాలిలో తేలే బొగ్గు పొడి కూడా పేలుడుకు కారణమని చెప్పాడు. గని యజమానులు దాన్ని పట్టించుకోలేదు. క్రిస్మస్ సెలవుల్లో పిల్లలకు ఉపన్యాసాలు ఇచ్చేవాడు, వాటిలో కొవ్వొత్తి మీద చెప్పినవి 1861లో పుస్తకంగా వచ్చాయి. లైబ్రరీలో దొరికితే తప్పక చదవండి. సర్ బిరుదు వద్దన్నాడు, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామన్నా వద్దన్నాడు.

1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టులో ఇచ్చిన ఇంట్లోకి మారారు. చివరి ప్రయోగం 1862 మార్చిలో. జ్వాల నుంచి వచ్చే వెలుతురు గీతలను అయస్కాంతం ఏమైనా మారుస్తుందా అని చూశాడు. ఏ మార్పూ కనబడలేదు. అదే డైరీలో రాశాడు. 1896లో హాలండ్‌లో పీటర్ జీమన్ ఇంకా శక్తిమంతమైన పరికరాలతో అదే ప్రయోగం చేసి ఆ మార్పును చూశాడు, దానికి నోబెల్ బహుమతి వచ్చింది.

1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టు ఇంట్లో, చదువుకునే గదిలో కుర్చీలో కూర్చుని ఉండగానే ఫారడే కన్నుమూశాడు. న్యూటన్‌ను ఖననం చేసిన వెస్ట్‌మినిస్టర్ ఆబీలో కాకుండా, ఆయన కోరినట్లే లండన్‌లోని హైగేట్ శ్మశానంలో ఆడంబరం లేకుండా పూడ్చిపెట్టారు. సమాధి రాయి మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి.